మాడిన ఓవెన్ ట్రే తోమేముందు ఒక అయస్కాంతం వెతకండి

వంటసోడా చల్లి దాని మీద వెనిగర్ పోస్తే బుస్సుమని పొంగుతుంది కదా, వీడియోల్లో ఆ పొంగు చూపించి "చూశారా మురికి ఎలా వదిలిపోతోందో" అంటుంటారు, నిజానికి అక్కడ వదిలేది కార్బన్ డయాక్సైడ్ తప్ప మురికి కాదు. వెనిగర్ యాసిడ్, సోడా క్షారం, రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఇంకోటి తినేసి చివరికి మిగిలేది కాస్త సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. సోడా ఒక్కటే వేసుంటే జిడ్డు మీద కాస్తో కూస్తో పనిచేసేది, వెనిగర్ ఒక్కటే వేసుంటే ఉప్పునీళ్ల తెల్ల మరకల మీద పనిచేసేది, కలిపి పోసి రెండిటి పనీ చెడగొట్టుకున్నాం. ఆ నురగకి పైపైన ఉన్న తునకలు కాస్త కదులుతాయి, అంతకుమించి ఏమీ లేదు.

మిగతా చిట్కాల సంగతీ ఇంతే. ఒకరు రాత్రంతా సోడాలో నానబెట్టమంటారు, ఒకరు నిమ్మకాయ రుద్దమంటారు, ఒకరు బాత్రూం యాసిడ్ అంటారు (దయచేసి వద్దు), ఇంకొకరు డ్రెయిన్ పౌడర్ అంటారు (అసలే వద్దు). వీటిలో కొన్ని ఒకరింట్లో బ్రహ్మాండంగా పనిచేస్తాయి, అదే పని పక్కింట్లో చేస్తే ట్రే మురికి పోవడం అటుంచి ట్రేనే నల్లబడి కూర్చుంటుంది. చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు, విన్నవాళ్లు పొరపాటు చెయ్యలేదు, ఇద్దరి ట్రేలూ ఒకే లోహం కావు, అంతే.

లాక్‌డౌన్‌లో కేకుల పిచ్చి పట్టి ఓటీజీ (కరెంటు మీద నడిచే చిన్న ఓవెన్) కొన్నవాళ్లు చాలామందే ఉంటారు. దాంతోపాటు డబ్బాలో ఒక వైర్ ర్యాక్, ఒక బేకింగ్ ట్రే, అడుగున రాలినవి పడే క్రంబ్ ట్రే, తందూరీకి ఊచలు వస్తాయి. మనకి అన్నీ స్టీలే, అన్నీ ఒకే సింకులో ఒకే పీచుతో తోమేస్తాం. కానీ ర్యాక్ సాధారణంగా ఇనప తీగ మీద క్రోమ్ పూత, నల్లగా ఉన్న ట్రే అయితే ఎనామిల్ పూతో నాన్‌స్టిక్ పూతో, క్రంబ్ ట్రే చాలా మోడళ్లలో పల్చటి అల్యూమినియమో జింక్ పూసిన రేకో, విడిగా కొనుక్కున్న కేక్ టిన్నులు ఎక్కువగా అల్యూమినియం. ఒకే ఓవెన్లో నాలుగు రకాల లోహాలు, నాలుగింటికీ నాలుగు రకాల మర్యాదలు కావాలి.

అసలు ఆ మాడు ఏంటో చూద్దాం, ఎందుకంటే అది తెలిస్తే సగం పని తేలిపోతుంది. చికెన్ టిక్కా పెట్టినప్పుడు కారిన నూనె వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కి మెల్లగా గట్టిపడుతుంది, నూనె అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి ముందు జిగటగా, తర్వాత గోధుమ రంగు లక్క పూసినట్టుగా అయిపోతాయి. దోసె పెనం వాడగా వాడగా నల్లగా నున్నగా అవుతుంది చూడండి, అదీ ఇదే రసాయనం, పెనం మీద అది మనకి కావాలి, ట్రే మీద వద్దు, అంతే తేడా. ఇలా గట్టిపడ్డదాన్ని మామూలు అంట్ల సబ్బు కదపలేదు, సబ్బు పని ఇంకా నూనెలా ఉన్న నూనెని నీళ్లలోకి లాగడమే, ఇది నూనె దశ దాటిపోయి ప్లాస్టిక్ దశలోకి వెళ్లిపోయింది. ఇక తేనె, బెల్లం, కేక్ పిండి కారి మాడితే అది చక్కెర మాడు, దాంట్లో చాలా భాగం నీళ్లలో గంటల తరబడి నానితే మెత్తబడుతుంది. పెరుగు, మసాలా కలిపిన మారినేడ్ మాడు ఈ రెండిటి మధ్యలో ఉంటుంది, కొంత ప్రోటీను, కొంత నూనె, కొంత బొగ్గు.

గట్టిపడ్డ నూనెని విరగ్గొట్టేది క్షారం. మన అమ్మమ్మలు కట్టెల పొయ్యి బూడిదతో, కొబ్బరి పీచుతో గిన్నెలు తోమింది ఊరికే కాదు, బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది జిడ్డుని పట్టుకుని కొంత సబ్బుగా మార్చేస్తుంది, అదే సబ్బు మిగతా జిడ్డుని లాక్కుపోతుంది. ఇప్పుడు బూడిద లేదు గానీ మూడు సోడాలున్నాయి, ఈ మూడింటినీ కలగాపులగం చెయ్యకూడదు. వంటసోడా నీళ్లలో కలిపితే పీహెచ్ (యాసిడో క్షారమో చెప్పే కొలత, 7 దాటితే క్షారం) 8.3 చుట్టూ ఉంటుంది, అంటే చాలా సాధువు. బట్టల సోడా, కొందరు చాకలి సోడా అంటారు, సోడియం కార్బొనేట్, పీహెచ్ 11 దాటుతుంది, పీహెచ్ లెక్కలో ఒక్క అంకె పెరిగితే క్షారం పది రెట్లు పెరిగినట్టు కాబట్టి ఇది వంటసోడా కన్నా కొన్ని వందల రెట్లు ఘాటు. మూడోది కాస్టిక్ సోడా, పీహెచ్ 13, 14, ఇది మాడునే కాదు మన చర్మాన్నీ కంటినీ కూడా తినేస్తుంది. కిరాణా కొట్లో ఊరికే "సోడా ఇవ్వండి" అంటే ఏది చేతిలో పెడతాడో తెలీదు, ప్యాకెట్ మీద చదివి తెచ్చుకోండి, విడిగా పొట్లం కట్టి ఇచ్చింది మాత్రం వాడకండి.

నా లెక్కలో ఇంటి పనికి సరైనది మధ్యది, బట్టల సోడా. వంటసోడా ముద్దలా కలిపి రాసి రాత్రంతా ఉంచితే పనిచేస్తుందని అంటారు, కొంచెం పనిచేస్తుంది, దాని పలుకులు మెత్తగా రాపిడి ఇస్తాయి, పైగా తడి ముద్ద పన్నెండు గంటలు అంటుకుని ఉండడం వల్ల మాడు నాని మెత్తబడుతుంది, కానీ ఏళ్ల తరబడి పట్టిన లక్క దానికి లొంగదు. ఇంకో విషయం, బట్టల సోడా దొరక్కపోతే వంటసోడానే ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర ఓ గంట పల్చగా పరిచి వేడిచేస్తే అందులోంచి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పోయి మిగిలేది బట్టల సోడానే, బరువులో మూడో వంతుకి పైగా తగ్గిపోతుంది, పొడి ఇంకా సన్నగా మెరుపు లేకుండా అవుతుంది. దీనికి గాజు పాత్రో స్టీలు పళ్లెమో వాడండి, అల్యూమినియం వద్దు. ఎందుకు వద్దో ఇప్పుడు చెప్తా.

అల్యూమినియం పైన కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది, ఆ పొర ఉన్నంతవరకే దానికి రక్షణ. క్షారం తగిలిందంటే ఆ పొర కరిగిపోతుంది, కింద ఉన్న లోహం నీళ్లతో కలిసి సోడియం అల్యూమినేట్‌గా మారుతూ హైడ్రోజన్ గ్యాస్ వదులుతుంది. వేడి సోడా నీళ్లలో అల్యూమినియం ట్రే వేస్తే సన్నగా బుడగలు వస్తాయి, ఓహో మురికి వదులుతోంది అనుకుంటాం, వదులుతోంది ట్రే. బయటికి తీసేసరికి బూడిద రంగుగానో నల్లగానో మచ్చలు పడి, చేత్తో రుద్దితే చేతికి మసి అంటుతుంది. డిష్‌వాషర్‌లో వేసిన అల్యూమినియం గిన్నెలు నల్లబడేదీ ఇందుకే, ఆ టాబ్లెట్లలో ఉండేదీ క్షారమే. జింక్ పూసిన రేకుకి కూడా క్షారం పడదు.

అందుకే అయస్కాంతం. ఫ్రిజ్ మీద బొమ్మ తీసి ట్రేకి ఆనించండి. అంటుకుని, మెరిసే తీగ అయితే క్రోమ్ పూసిన ఇనుము, సోడా నీళ్లకి భయం లేదు. అంటుకుని, నల్లగా గాజులా నున్నగా, ఎక్కడైనా పెచ్చు లేచినచోట తుప్పు కనపడుతుంటే ఎనామిల్, దీనికీ సోడా పర్వాలేదు. అంటుకుని, నలుపే గానీ గాజు మెరుపు లేకుండా చేతికి జారుతున్నట్టుంటే నాన్‌స్టిక్. అంటుకుని బూడిద రంగులో పల్చటి రేకైతే జింక్ పూత కావచ్చు. అంటుకోకుండా తేలిగ్గా ఉంటే అల్యూమినియం, సోడా దగ్గరికి రానివ్వద్దు. అంటుకోకుండా బరువుగా ఉంటే మంచి స్టెయిన్‌లెస్ స్టీలు, దానికి సోడా ఏం చెయ్యదు, బ్లీచ్ మాత్రం చిన్న చిన్న గుంటలు పెడుతుంది.

ర్యాక్ సంగతి ముందు. ఓటీజీ ర్యాక్ చిన్నది, బట్టల టబ్బులో పడుకుంటుంది. ముందు ప్లగ్ తీసి ఓవెన్ పూర్తిగా చల్లారాక ర్యాక్ బయటికి తీసి, ముద్దలా ఉన్న జిడ్డుని పాత న్యూస్‌పేపర్‌తో తుడిచి ఆ పేపర్ చెత్తలో వెయ్యండి, సింకులోకి పోనివ్వద్దు, పైపులో గడ్డకట్టి ప్లంబర్‌ని పిలిపిస్తుంది. బకెట్ వేడినీళ్లకి అరకప్పు బట్టల సోడా, ఒక చెంచా డిష్‌వాష్ లిక్విడ్. నీళ్లు మరుగుతూ ఉండక్కర్లేదు, వేలు పెడితే వెంటనే తీసేసేంత వేడి చాలు. ర్యాక్ పూర్తిగా మునగాలి, మునగని వైపు అలాగే మిగిలిపోతుంది. నాలుగైదు గంటలు, లేదా రాత్రంతా. పొద్దున నీళ్లు టీ డికాషన్ రంగులో ఉంటే పని జరిగిందన్నమాట. అప్పుడు ప్లాస్టిక్ పీచుతో తీగ తీగకీ లాగితే గోధుమ పొర జారి వస్తుంది, రాని చోట ఇంకోసారి నానబెట్టండి గానీ బలం పెట్టకండి, క్రోమ్ పూత చాలా పల్చన, స్టీలు పీచుతో గీరి దాన్ని లేపేస్తే కింద ఇనుముకి తుప్పు పట్టడం మొదలవుతుంది, అక్కణ్ణుంచి ఎంత తోమినా ఆ ర్యాక్ బాగుపడదు. క్రోమ్‌ని బాత్రూం యాసిడ్‌లో ముంచినా ఇదే గతి.

చేతులకి పొడుగు రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. సోడా నీళ్లలో చెయ్యి పెట్టినప్పుడు వేళ్లు సబ్బు పట్టుకున్నట్టు జారుతుంటే అది సోడా మెత్తదనం కాదు, మీ చర్మం మీది నూనె కూడా సబ్బుగా మారుతోంది.

టిక్కా చేసిన ట్రే ఈ నీళ్లలో పెడితే ఒక తమాషా జరుగుతుంది, పసుపు మరక ఉన్నచోటల్లా ఎర్రగా మారిపోతుంది. కంగారు పడక్కర్లేదు. పిల్లలకి దిష్టి తియ్యడానికి పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేస్తాం కదా, అదే ఇక్కడా జరిగింది, పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. దీన్ని మనకి అనుకూలంగా వాడుకోవచ్చు కూడా, ర్యాక్ కడిగాక పసుపు నీళ్లు ఒక చుక్క దాని మీద వేసి చూడండి, ఎర్రబడితే సోడా ఇంకా పోలేదు, మళ్లీ కడగాలి. మిగిలిన పసుపు మరకకి ఏ కెమికలూ వద్దు, ఒకట్రెండు రోజులు ఎండలో పెడితే తేలిపోతుంది.

ఎనామిల్ అంటే ఇనుము మీద కరిగించి అతికించిన గాజు. సోడాకి ఓర్చుకుంటుంది గానీ వేడి ట్రే మీద చన్నీళ్లు పోస్తే పెచ్చులు లేస్తుంది, గట్టిగా గీస్తే గీతలు పడతాయి. దీనికి బట్టల సోడా వేడినీళ్లు ట్రేలోనే నింపి వదిలెయ్యడం తేలిక. నాన్‌స్టిక్‌కి మాత్రం ఘాటైనవేవీ వద్దు, గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి స్పాంజి, కాస్త వంటసోడా ముద్ద, దానికీ లొంగకపోతే ఆ ట్రే ఆయుష్షు అయిపోయినట్టే, పూత లేచిన ట్రేని తోమి తోమి కాపాడుకోవడంలో అర్థం లేదు. మైక్రోవేవ్ గాజు పళ్లెం గురించి చెప్పేదేముంది, చల్లారాక సబ్బుతో కడగడమే.

అల్యూమినియానికి క్షారం పడదు గనక మనకి మిగిలింది వేడినీళ్లు, డిష్‌వాష్ లిక్విడ్, ఓపిక. సబ్బునీళ్లు పోసి స్టవ్ మీద పది నిమిషాలు సిమ్‌లో మరిగించి చెక్క గరిటెతో గీకితే చాలా మటుకు వస్తుంది. ఇప్పటికే సోడా పెట్టి నల్లబరిచేసి ఉంటే నిమ్మచెక్కలు గానీ చింతపండు గానీ వేసి నీళ్లు మరిగించండి, పులుపు ఆ నల్లటి పొరని తీసి మళ్లీ తెల్లగా చేస్తుంది. ఇత్తడి చెంబుకి చింతపండు వాడినట్టే గానీ ఇక్కడ పోయేది నలుపు, జిడ్డు కాదు, జిడ్డు మీద చింతపండు వృథా. జింక్ రేకుకి ఈ పులుపు కూడా వద్దు, ఊరికే సబ్బునీళ్లే.

ఇక అసలు ప్రమాదం ఎక్కడుందో చెప్తాను. బజార్లో దొరికే ఘాటైన ఓవెన్ క్లీనర్లలో, డ్రెయిన్ పౌడర్లలో ఉండేది కాస్టిక్ సోడా. ఓవెన్ క్లీనర్‌ని లేబుల్ మీద రాసినట్టు, కిటికీలు తెరిచి, కళ్లకి రక్షణ కళ్లజోడు (గాగుల్స్) పెట్టుకుని, ఇనుము, ఎనామిల్ మీద వాడొచ్చు, అల్యూమినియం మీద, నాన్‌స్టిక్ మీద, ఓవెన్ లోపలి హీటింగ్ రాడ్ల మీద కాదు. డ్రెయిన్ పౌడర్‌ని వంట సామాను మీద ఎప్పుడూ వద్దు, కొన్నింట్లో అల్యూమినియం తునకలు కూడా కలుపుతారు, నీళ్లు తగలగానే భగ్గున వేడెక్కి చిందుతుంది. కంట్లో పడితే ముందు చెయ్యాల్సింది కుళాయి కింద కన్ను తెరిచి కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు ఆపకుండా కడగడం, ఆ తర్వాతే ఆస్పత్రి, 108. క్షారం కదా అని పైన నిమ్మరసమో వెనిగరో పోసి విరగ్గొడదాం అనుకోవద్దు, ఆ రసాయన చర్యకి ఇంకా వేడి పుడుతుంది. పిల్లలు మింగితే వాంతి చేయించకండి, లోపలికి వెళ్లేటప్పుడు కాల్చింది బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది, ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 116 117, ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకోండి, ప్యాకెట్ పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

కలపడం ఇంకో తలనొప్పి. ఒకటి పనిచెయ్యలేదని దాని మీదే ఇంకోటి పోస్తాం, అక్కడే కొంప మునుగుతుంది. బాత్రూం యాసిడ్ మీద బ్లీచ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అమ్మోనియా మీద బ్లీచ్ పడితే క్లోరమైన్లు వస్తాయి, రెండూ ఊపిరితిత్తులని పాడుచేసేవే, తలుపులేసిన చిన్న బాత్రూంలో అయితే మరీ. అమెరికాలో ఉన్నవాళ్లు ర్యాకుల్ని చెత్త సంచిలో పెట్టి అమ్మోనియా పోసి రాత్రంతా మూటగట్టి ఉంచే పద్ధతి వినే ఉంటారు, పనిచేస్తుంది, ఆవిరి జిడ్డుని వదులు చేస్తుంది, కానీ పొద్దున ఆ సంచి విప్పేటప్పుడు మొహం మీదికి వచ్చే ఘాటు సామాన్యం కాదు, ఆరుబయట తప్ప ఇంట్లో విప్పకూడదు. బట్టల సోడా ఉండగా ఆ తిప్పలు ఎందుకో నాకైతే అర్థం కాదు. సంచి పద్ధతిలోనే ఇంకో జాగ్రత్త, బట్టల మరకలకి వాడే ఆక్సిజన్ పౌడర్లు నీళ్లలో ఆక్సిజన్ వదులుతాయి, వాటిని మూత బిగించిన డబ్బాలోనో ముడేసిన సంచిలోనో పెడితే ఉబ్బి పేలొచ్చు.

అమెరికా అపార్ట్‌మెంట్లలో మనవాళ్లు చాలామంది ఓవెన్‌ని కడాయిలు, పెనాలు దాచుకునే అలమరగానే వాడతారు, ఇల్లు ఖాళీ చేసేముందు డిపాజిట్ గుర్తొచ్చి సెల్ఫ్ క్లీన్ బటన్ నొక్కుతారు. ఆ మోడ్‌లో లోపల దాదాపు 480 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది, ముద్దలున్న జిడ్డు పొగచూరి ఇంట్లో స్మోక్ అలారం మోగుతుంది. ముందు లోపలి గిన్నెలన్నీ తియ్యాలి, క్రోమ్ ర్యాకులు కూడా తియ్యాలి, ఆ వేడికి అవి మెరుపు పోయి నీలంగా తిరిగిపోయి గాడిలో సాఫీగా జరగవు, తియ్యక్కర్లేదని మాన్యువల్‌లో ఉంటేనే ఉంచాలి. నాన్‌స్టిక్ ట్రే ఒక్కటి లోపల మర్చిపోయినా దాని పూత విడిపోయి విషపు పొగ వస్తుంది, అది మనుషులకి జ్వరం తెప్పిస్తుంది, ఇంట్లో లవ్ బర్డ్స్ ఉంటే నిమిషాల్లో చచ్చిపోతాయి, పక్షుల ఊపిరితిత్తులు అంత సున్నితం. ఇక్కడ మన ఓటీజీలు చాలావరకు 250 డిగ్రీలు దాటవు, వాటికి ఈ సెల్ఫ్ క్లీన్ గొడవే లేదు.

వైర్ బ్రష్షులు కూడా పక్కన పెట్టండి. గ్రిల్ తోమే ఇనప బ్రష్షుల పోగులు ఊడి, మాంసానికి అంటుకుని, కడుపులోకి పోయి పేగులకి గుచ్చుకున్న కేసులు 2012లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రచురించింది, రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో చూసినవి. మన స్టీలు పీచు పోగులూ ర్యాక్ కూడళ్లలో ఇరుక్కుంటాయి, వాడక తప్పదంటే తర్వాత తడిగుడ్డతో ప్రతి కూడలీ తుడిచి చూసుకోండి.

కడిగాక ర్యాక్ మీద తెల్లటి పొడి పొర కనపడితే అది సోడా కాకపోవచ్చు, బోరు నీళ్లలో కాల్షియం బట్టల సోడాతో కలిసి సుద్దలా పేరుకుంటుంది. వెనిగర్ అక్కరకి వచ్చేది ఇక్కడ, గుడ్డకి అద్ది ఒకసారి తుడిచి మంచినీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టండి, తడిగా వదిలేస్తే కూడళ్ల దగ్గర తుప్పు. తర్వాత మొదటిసారి ఓవెన్ వాడేముందు ఖాళీగా 180 దగ్గర ఓ పది నిమిషాలు, కిటికీ తెరిచి.

ఇంత చెప్పాక ఇంకో మాట, ర్యాక్ అద్దంలా మెరవాల్సిన అవసరం ఏమీ లేదు. గట్టిగా అతుక్కుపోయిన పల్చటి గోధుమ రంగు పొర తిండికి అంటదు, వాసన రాదు, దానితో ఎవరికీ నష్టం లేదు. తియ్యాల్సింది చేతికి అంటే జిడ్డు, రాలే బొగ్గు, క్రంబ్ ట్రేలో పేరుకున్న పొడి, ఎందుకంటే పొగకీ మంటకీ కారణం అవే. ఎప్పుడైనా లోపల మంట కనపడితే తలుపు తెరవకండి, స్విచ్ ఆపి, మూసే ఉంచండి, గాలి అందక ఆరిపోతుంది, నీళ్లు మాత్రం పొయ్యొద్దు, ఆరకపోతే అందర్నీ బయటికి పంపి 101కి ఫోన్ చెయ్యండి. శుభ్రంగా ఉంటుంది కదా అని ర్యాక్ మొత్తానికి, ఓవెన్ అడుక్కి ఫాయిల్ పరిచేస్తుంటారు, వేడి గాలి తిరగక కింద రాడ్డు దగ్గర వేడి ఇరుక్కుపోతుంది, అదీ మంచిది కాదు. దానికన్నా టిక్కా పెట్టినప్పుడు ర్యాక్ కింద గాడిలో ట్రే పెట్టి అందులో గ్లాసుడు నీళ్లు పొయ్యండి, కారిన నూనె ఆ నీళ్ల మీదే తేలుతుంది, మాడే అవకాశమే ఉండదు, మధ్యలో నీళ్లు ఇగిరిపోతే ఇంకాసిని వేడినీళ్లు పోస్తే సరి.